శ్రావణంలో సోలార్ గీజర్

మొన్న వరలక్ష్మీ వ్రతం నాడు మా వియ్యపురాలు పొరుగింటికి వెళ్ళి తలంటుకుని రావాల్సి వచ్చిందండీ. మా ఇంట్లో నీళ్ళు లేక కాదు. కావలసినన్ని ఉన్నాయి. ఆ పూట మస్కట్ మొత్తం మీద అన్ని వేడినీళ్ళున్న ఇల్లు మాదొక్కటే అయుంటుంది. వచ్చిన చిక్కల్లా అదే. దానికి కారణం ఎవరంటే, కాకినాడలో ఏళ్ళ తరబడి పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరైన కామేశ్వరి టీచర్. అంటే నేనే.

వరసగా చెప్తాను. సందేహాలుంటే చివర్లో అడుగుదురుగాని.

మేముండేది అల్ ఖౌద్‌లో ఒక అద్దె విల్లా. మా అమ్మాయి సుధ, అల్లుడు శ్రీధర్, మనవరాలు మీనూ, నేను. ఇక్కడి నీళ్ళ సంగతి తెలియనివాళ్ళకి ముందు అది చెప్పాలి, లేకపోతే మిగతాది బుర్రకెక్కదు. మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది. ఎండలు ముదిరాయంటే అందులో నీళ్ళు కాగిపోతాయి. నీలం గుర్తున్న కుళాయి తిప్పితే చెయ్యి చురుక్కుమంటుంది. రాత్రంతా గడిచినా చల్లారవు. మరి చల్లనీళ్ళు ఎక్కడ దొరుకుతాయి? గీజర్లో. నవ్వకండి, నిజమే చెప్తున్నా. ఎండాకాలం రాగానే ఇక్కడ ఇంటింటా గీజర్ స్విచ్ ఆపేస్తారు. అది ఇంట్లోపల, ఏసీ చల్లదనం తగిలేచోట ఉంటుంది కదా, దాని పొట్టలో నీళ్ళు నిలవుండి నెమ్మదిగా చల్లబడతాయి. ఎర్ర గుర్తు కుళాయి తిప్పితే అవి వస్తాయి, హాయిగా. అంటే సగం ఏడాది మాకు నీలం అంటే వేడి, ఎరుపు అంటే చల్లన. ఇదంతా కిందటేడు మీనూకి బొమ్మ గీసి మరీ చెప్పాను. ఎవరు చెప్పారు? నేనే చెప్పాను.

ఇక సోలార్ పిచ్చి నాకెలా పట్టిందంటారా? ఇంత ఎండ ఊరికే పోతోందే అని నాకు ఎప్పటినుంచో బాధ. మేడ మీద బట్టలు ఆరేస్తే చివరి చీరకి క్లిప్పు పెట్టేలోపు మొదటి చీర ఎండిపోతుంది. అటువంటి ఎండని నెత్తిన పెట్టుకుని చలికాలమంతా కరెంటుతో నీళ్ళు కాచుకుంటున్నామే, ఇది తెలివైనవాళ్ళు చేసే పనేనా? పైగా వ్రతానికి మా వియ్యపురాలు రాజ్యలక్ష్మిగారు రాజమండ్రి నుంచి వస్తున్నారు. శ్రీధర్ వాళ్ళమ్మగారు. మనిషి మంచావిడే, కాకపోతే ఫోన్ చేసినప్పుడల్లా "వదినగారూ, మా వాడింట్లో మీకు కాలక్షేపం అవుతోందా?" అని అడుగుతుంది. ఆ "మా వాడింట్లో" అన్న ముక్క కొంచెం ఒత్తి పలుకుతుంది. ఆవిడ వచ్చేసరికి ఈ ఇంటికి నా వల్ల కూడా ఒక మేలు జరిగిందని చూపించాలనుకున్నాను.

అల్లుడితో చెప్పాను.

"చలికాలం ముందు పెట్టిద్దామండీ అత్తయ్యగారూ. ఇప్పుడు వేడినీళ్ళు ఎవరిక్కావాలి?" అన్నాడు.

"ఎండ ఎప్పుడు బాగా ఉంటుంది శ్రీధర్? ఇప్పుడా, డిసెంబర్లోనా?"

"ఇప్పుడేనండీ."

"సోలార్ దేంతో పనిచేస్తుంది?"

"ఎండతోనండీ."

"మరైతే ఎప్పుడు పెట్టించాలి?"

"ఇప్పుడేనండీ" అని బ్యాగు తీసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు. చూశారా, ఒక్కో మెట్టూ ఎక్కిస్తే ఎవరైనా జవాబు తామే చెప్తారు. తప్పు జవాబైనా సరే చెప్తారని నాకప్పుడు తట్టలేదు.

వ్రతానికి ముందురోజు గురువారం, బిగించడానికి మల్లయ్య అనే అతను వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. ఇబ్రా అనే ఊళ్ళో సైట్ పని ముగించుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. మేడ మీద అద్దాల పలక, దాని నెత్తిన గుండ్రటి ట్యాంకు, చక్కగా బిగించాడు. కిందికొచ్చి బాత్‌రూముల్లో గీజర్లు చూశాడు.

"మేడం, పాత గీజర్లిస్తే కంపెనీ ఎక్స్చేంజ్ కింద తీస్కుంటది. ఇస్తరా?"

"తీసుకెళ్ళు నాయనా. మేడ మీద సూర్యుడుండగా గోడకి ఈ డబ్బాలెందుకు?"

"మీ ఇష్టం మేడం. మీరు చెప్పుడు, నేను విప్పుడు" అని రెండు బాత్‌రూముల్లోవీ ఊడదీసి బండిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. గోడల మీద రెండు తెల్లటి మచ్చలు మిగిలాయి. వాటిని చూసి నేను మురిసిపోయాను కూడా.

ఆ రాత్రే రాజ్యలక్ష్మిగారు ఫ్లైట్ దిగారు. భోజనం దగ్గర కూర్చోబెట్టి సోలార్ ఎలా పనిచేస్తుందో మొత్తం చెప్పాను. నలుపు వేడిని ఎలా పీల్చుకుంటుంది, వేడెక్కిన నీరు పైకెందుకు పోతుంది, అన్నీ. "రేపు మీ తలంటుకి నీళ్ళు కాచే పనిలేదు వదినగారూ. సూర్యభగవానుడే కాచిపెట్టేశాడు" అన్నాను. ఆవిడ ఆవలిస్తూ "మంచిదండీ" అంది.

శుక్రవారం తెల్లవారింది. ఇక్కడ ఆవిడ సంగతి ఒకటి చెప్పాలి. పెళ్ళైన ఏటినుంచి ఒక్క ఏడాది కూడా ఆవిడ ఈ వ్రతం తప్పలేదు. శుక్రవారం పదిన్నరకి రాహుకాలం వస్తుంది, ఆలోపు పూజ అయిపోవాలి. ఆవిడ తలంటుకుంటే గానీ మడి కట్టుకుని నైవేద్యాలు వండదు. వంటయితే గానీ పూజ లేదు. కాబట్టి మొత్తం వ్రతం ఆవిడ నెత్తిన పడే మొదటి చెంబు నీళ్ళ మీద ఆధారపడి ఉంది.

బాత్‌రూములోంచి పిలుపు వచ్చింది. "వదినగారూ, ఒకసారి ఇలా వస్తారా? ఈ రెండిట్లో చల్లనీళ్ళది ఏది?"

"ఎర్రదండీ" అన్నాను. అలవాటు కదా.

"అమ్మో" అని వినిపించింది.

తలుపు సందులోంచి ఆవిరి వచ్చింది. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు.

"అయితే నీలం, నీలం తిప్పండి."

"ఇదీ కాలుతోందండీ."

"కాసేపు వదిలేయండి వదినగారూ, పైపులో నిలవున్నవి పోతే చల్లనివి వస్తాయి."

వదిలేసింది. పైపులో నిలవున్నవే కాస్త నయం. అవి పోయాక మేడ మీద ట్యాంకులోవి దిగాయి, ఇంకా వేడిగా. అప్పుడు నాకు గోడ మీద తెల్లమచ్చ కనపడింది. గీజర్ ఉండాల్సిన చోటు. ఇంట్లో చల్లనీళ్ళు ఇచ్చే వస్తువులు రెండే రెండు. రెండిటినీ నేనే బండెక్కించాను. అదీ కరెంటు ఆదా అవుతుందని, అసలు గీజర్‌కి కరెంటే వాడని నెలల్లో.

సుధ వచ్చి నా మొహం, గోడ మార్చి మార్చి చూసింది. "అమ్మా, గీజర్లు తీసేయించావా?"

"అరగంట ఆగు. చల్లారబెడతాను" అన్నాను. నా దగ్గర శాస్త్రం ఉందిగా. వేడినీళ్ళు బకెట్లో ఉంటే చల్లారడానికి చాలాసేపు పడుతుంది. వెడల్పాటి గిన్నెల్లో పల్చగా పోస్తే గాలి ఎక్కువ తగిలి త్వరగా చల్లారతాయి. వంటింట్లో గిన్నెలన్నీ తెచ్చి హాల్లో ఏసీ కింద పరిచాను. పాయసం గిన్నె, పులిహోర కలిపే పళ్ళెం, కుక్కర్, బేసిన్లు, టిఫిన్ డబ్బా మూతలు కూడా. అన్నిట్లో నీళ్ళు పోసి ఫ్యాను పెట్టాను. శ్రీధర్ నిద్రలేచి వచ్చి పాయసం గిన్నెలో కాలేశాడు.

"ఇల్లు కారుతోందాండీ?" అని పైకప్పు వంక చూశాడు.

"కారట్లేదు. అమ్మ ప్రయోగం చేస్తోంది" అంది సుధ. "అమ్మా, బూరెలకి పప్పు ఉడకేయాలి. ఇప్పుడు దేంట్లో ఉడకేయను?"

గిన్నెలన్నీ నీళ్ళకి పోయాయి మరి. రాజ్యలక్ష్మిగారు తువ్వాలు భుజాన వేసుకుని, తలకి నూనె కారుతుండగా, సోఫా అంచున కూర్చుని గడియారం చూస్తోంది.

"ఫ్రిజ్‌లో ఐసుంటే కలపండి, సరిపోతుంది" అంది చివరికి.

సుధ ఫ్రీజర్ తెరిచింది, టక్కున మూసింది. కానీ ఆవిడ చూసేసింది. ఐసు ట్రే పక్కనే ఆషాఢంలో కొన్న వంజరం చేప ముక్కల ప్యాకెట్.

"శ్రావణం కదమ్మా సుధా."

"తినడం లేదత్తయ్యా. ఊరికే ఉంది, అంతే."

"ఉండనీ. ఆ ఐసు నాకొద్దులే."

తాగునీళ్ళ కేను ఒక్కటే ఉంది, అది నైవేద్యానికి కావాలి. శ్రీధర్ బయటికెళ్ళి ఐసు తెస్తానని కారు తాళాలు అందుకున్నాడు. "శుక్రవారం ఇక్కడ సెలవన్నావుగా, ఇంత పొద్దున్నే ఏ షాపు తీసి ఉంటుందిరా?" అంది వాళ్ళమ్మ. కూర్చున్నాడు.

ఇక సిగ్గు వదిలేసి గేటు దాటాను. పక్కిల్లు మా ఓనర్‌ది. ఆయన భార్య ఉమ్మ్ సాలిం, అంటే సాలిం వాళ్ళమ్మ. ఇక్కడ అలాగే పిలుస్తారు. మొక్కలకి నీళ్ళు పెడుతోంది. మేమిద్దరం హిందీలోనే మాట్లాడుకుంటాం. ఆవిడ హిందీ నాకంటే నయం.

"క్యా హువా, టీచర్?"

జరిగింది చెప్పాను. ఆవిడ పైపు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. నీళ్ళు ఆవిడ చెప్పుల మీద పడుతున్నాయి.

"హీటర్? ఆగస్టు మహీనే మే?"

"హా."

"గీజర్ నికాల్ దియా?"

"దోనో" అన్నాను, రెండూ అని.

గేటు పట్టుకుని నవ్వింది చూడండి, లోపల పిల్లి కూడా బయటికొచ్చింది. నవ్వు తగ్గాక, తీసుకురండి మీ చుట్టాన్ని, మా పిల్లలు జుమ్మా నమాజుకి స్నానాలకి లేచారంటే గీజర్లో చల్లనీళ్ళన్నీ అయిపోతాయి, త్వరగా అంది.

రాజ్యలక్ష్మిగారిని ఎలా ఒప్పించాలా అని దారిపొడుగునా వాక్యాలు పేర్చుకుంటూ వచ్చాను. నేను నోరు తెరవకముందే ఆవిడ కుంకుడుకాయల రసం గిన్నె పట్టుకుని చెప్పుల దగ్గర నిలబడి ఉంది. "ఎటువైపండీ?" అంది. వ్రతం ముందు మొహమాటాలు ఏపాటి.

స్నానం బ్రహ్మాండంగా అయింది. బయటికి రాగానే ఉమ్మ్ సాలిం చిన్న ధూపపు కుండలో లుబాన్, అదే ఇక్కడి సాంబ్రాణి, నిప్పుల మీద వేసి పట్టుకొచ్చింది. వాళ్ళ ఆచారం అది, వచ్చిన ఆడవాళ్ళ జుట్టుకీ బట్టలకీ పట్టిస్తారు. మా వియ్యపురాలు తడిజుట్టు విరబోసుకుని ఆ పొగలో కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. కళ్ళు తెరిచి, "తలంటుకున్నాక సాంబ్రాణి పట్టేవాళ్ళు ఈ రోజుల్లో మా వీధిలోనే లేరు. ఇంత మంచి ఏర్పాటు ఉంచుకుని రాత్రంతా నాకు ఆ నల్లపలక గురించి చెప్పారేమిటి వదినగారూ?" అంది.

ఆవిడ వంటింట్లో చెయ్యి పెడితే ఇక చూసుకోనక్కర్లేదు. గిన్నెలన్నీ ఖాళీ చేయించి, బూరెలు, పులిహోర, పాయసం చకచకా వండింది. రాహుకాలం తగలకుండా హారతి ఇచ్చేశాం. నా స్నానం అంటారా? మీనూ ఆ గిన్నెల్లోని నీళ్ళన్నీ నాకోసం బకెట్లోకి వంపింది. వాటితోనే కానిచ్చాను. పూజ దగ్గర కూర్చుంటే "అమ్మమ్మా, నీ దగ్గర పోపు వాసన వస్తోంది" అంది.

సాయంత్రం పేరంటానికి ఊరి అటు చివర దార్సైట్ నుంచి కూడా వచ్చారు. ఉమ్మ్ సాలిం హల్వా డబ్బాతో వచ్చి, శనగలు తాంబూలం ఒళ్ళో పెట్టించుకుని నా పక్కనే కూర్చుంది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ "సోలార్ పెట్టించారటగా, ఎలా ఉంది?" అని అడగడం, రాజ్యలక్ష్మిగారు నాకు పని లేకుండా తనే జవాబు చెప్పడం. "మా వదినగారింట్లో వేడినీళ్ళకి లోటు లేదండీ" అని చెప్పి ఊరుకునేది. మా వదినగారిల్లు అంది, గమనించారా? మా వాడిల్లు అనలేదు. కానీ ఆ సంతోషం పైకి చూపించే స్థితిలో నేను లేను.

మర్నాడు సోలార్ కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. హిందీ, ఇంగ్లీషు కలిపి, ఎంతో మర్యాదగా.

"మేడం, సిస్టమ్ బాగా పనిచేస్తోందా?"

"చాలా బాగా పనిచేస్తోందమ్మా."

"ఇంకేమైనా కావాలా మేడం?"

"కావాలి. రెండు గీజర్లు కావాలి. పాడైపోయినవైతే మరీ మంచిది."

"పాడైపోయినవా మేడం? రిపేరు చేసి పంపిస్తాం, బాగా వేడెక్కుతాయి."

"వద్దు తల్లీ" అన్నాను. "వేడెక్కేవైతే మాకు పనికిరావు."