కండెల బుట్ట ఉండవలసిన చోటు

అది 1958వ సంవత్సరం. చీరాల అప్పటికి గుంటూరు జిల్లాలోనే ఉండేది. నేను బొంబాయి వైపు ఒక విద్యాలయంలో మూడేళ్ళు యోగ చికిత్స అభ్యసించి వచ్చి, ఈ ఊళ్ళో ఒక మేడమీది హాలులో శిక్షణ ఇవ్వడం ప్రారంభించి నాలుగేళ్ళయింది. హాలులో ఎనిమిది చాపలు, వాటి మధ్య సరిగ్గా మూడేసి అడుగుల ఎడం. వెనుక గదిలో నా నివాసం. ఉదయం ఐదున్నర దాటి వచ్చినవారిని లోపలికి రానిచ్చేవాణ్ణి కాను.

ఆ ఏడు వేసవి ముగుస్తుండగా కోటయ్య అనే చేనేత కార్మికుణ్ణి ఒక డాక్టరుగారు నా వద్దకు పంపారు. యాభై ఏళ్ళుంటాయి. నడుముకు కుడివైపు నొప్పి, తుంటి దాకా లాగుతోంది. ఎముకలో దోషం లేదని డాక్టరుగారి చీటీ. నేను కేస్ షీట్ నింపాను. కేస్ షీట్ అంటే రోగి వివరాలు, బాధ, ఇచ్చిన ఆసనాలు రాసుకునే పత్రం. ఇంట్లో ఎంతమంది అనే గడి వద్ద అడిగితే, "ఒక్కణ్ణేనండి" అన్నాడు. "ఒకరు" అని రాసి తరువాతి గడికి వెళ్ళాను.

నడుమునొప్పికి నా వద్ద ఒక చార్టు సిద్ధంగా ఉండేది. భుజంగాసనం, శలభాసనం, చివర వక్రాసనం. కాళ్ళు చాపి కూర్చుని నడుమును పక్కకు తిప్పే ఆసనం అది. కుడికి పది, ఎడమకు పది. ఏ ఆసనమైనా ఇరువైపులా సమానంగా చేయాలన్నది నాకు నేర్పిన నియమం. నా స్వభావానికీ అది బాగా సరిపోయింది.

మూడు వారాలు గడిచినా నొప్పి తగ్గలేదు సరికదా, హెచ్చింది.

"మీరు ఎక్కడో లెక్క తప్పుతున్నారు" అన్నాను.

"తప్పట్లేదండి మాస్టారూ. అటు పది, ఇటు పది. కుడికి తిరిగినప్పుడే పొడిచేసినట్టుంటది. పొద్దెక్కిందాకా మగ్గంలో కూకోలేకపోతన్నా."

"నొప్పి ఉన్న వైపే శ్రద్ధగా చేయాలి. కొంతకాలం మగ్గం మానేయండి."

ఆయన తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. మెట్ల దాకా వెళ్ళి ఆగాడు.

"మగ్గం దిగితే ఏం చెయ్యనండి? ఇంట్లో ఆ చప్పుడొక్కటే ఉంది."

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మొదటి వరుసలో ఆయన కూర్చునే మూడో చాప ఖాళీగా ఉండిపోయింది. క్రమశిక్షణ లేని రోగి అని షీట్‌లో రాసి, ఫైలు కట్టేయవలసింది. ఎందుకో కట్టలేకపోయాను. మూడోనాటి మధ్యాహ్నం గొడుగు వేసుకుని వాళ్ళ వీధి వెతుక్కుంటూ వెళ్ళాను.

ఆ వీధిలో ప్రతి ఇంటి నుంచీ మగ్గం చప్పుడు ఎడతెగకుండా వస్తోంది. ఒక ఇంట్లో మాత్రం ఆగి ఆగి వినిపిస్తోంది. అదే కోటయ్య ఇల్లు. నన్ను చూసి లేవబోయాడు. వద్దని వారించి, గోడ వారగా కూర్చున్నాను. పని మానవద్దని చెప్పి నోటుబుక్కు తీశాను.

గుంట మగ్గం వద్ద మనిషి గుంట అంచున నేలమీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి తొక్కుతూ నేస్తాడు. అడ్డంగా పరుగెత్తే నాడెలో నూలు చుట్టిన చిన్న కండె ఉంటుంది. కండె అయిపోయినప్పుడల్లా కొత్తది పెట్టాలి. కోటయ్య కండెల బుట్ట ఆయన కుడి భుజానికి బాగా వెనుక, కండెలు చుట్టే రాట్నం పక్కన నేలమీద ఉంది. అయిపోయిన ప్రతిసారీ నడుము కుడికి మెలితిప్పి, వంగి, వెనక్కి చేయి చాపి కండె అందుకుంటున్నాడు. ప్రతిసారీ పళ్ళ బిగువున మూలుగు ఆపుకుంటున్నాడు. దినమంతా కుడికి మెలితిరిగే ఆ నడుముకు, తెల్లవారుజామున మరో పదిసార్లు కుడి మెలిక అప్పగించినది నేనే.

"ఆ బుట్ట ముందుకు ఎందుకు పెట్టుకోరు?"

ఆయన తల వంచుకుని నాడె విసిరాడు. ఇంతలో చుట్టిన కండెలు కొంగులో పోసుకుని పొరుగింటి సీతమ్మ వచ్చింది.

"బాగా అడిగారండి! నేను అడిగీ అడిగీ నోరు నొప్పెట్టింది. ముందుకు జరిపి నేను గడప దాటానో లేదో, మళ్ళీ అక్కడికే చేరుస్తాడు. ఏం కోటయ్యన్నా, రాట్నానికి కాపలానా?"

"పోవే, పనుంటే చూసుకో" అన్నాడు కోటయ్య, కోపం లేకుండా.

ఆవిడే నావైపు తిరిగి గొంతు తగ్గించింది. "మా వదిన కూకునే చోటండి అది. పోయి ఏడాది కావస్తంది."

ఇంత చిన్న విషయానికి ఒక మనిషి నడుము పాడుచేసుకోవడం నాకు అసంబద్ధంగా తోచింది. లేచి, బుట్ట తీసి, ఆయన ఎడమ తొడ పక్కన పెట్టాను. "ఇక నేయండి" అన్నాను. "అలాగేనండి" అన్నాడు. మగ్గం నడిచింది. కండె అయిపోయింది. ఆయన చేయి కుడివైపే వెళ్ళింది. వేళ్ళు విప్పుకుని గాలిలో అలాగే నిలిచింది. దించడం మరిచిపోయినట్టు ఎంతోసేపు నిలిచింది. సీతమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

"ముప్పై ఏళ్ళు నేను వెనక్కి తిరిగి చూడలేదండి. చెయ్యి చాపితే చేతిలో పెట్టేది" అన్నాడు.

నేను నేర్చిన శాస్త్రంలో దీనికి చార్టు లేదు. నోటుబుక్కు మూసి అడిగాను. "ఆమె చేయి ఎంతవరకు వచ్చేది? చూపించండి."

తడుముకోకుండా చూపించాడు. కుడి మోచేతికి జానెడు దూరం, మోచేతి ఎత్తులోనే. నేను సీతమ్మగారిని అడిగి ఒక ఎత్తుపీట తెప్పించి, సరిగ్గా అక్కడ వేసి, బుట్ట దానిమీద పెట్టాను. రాట్నం కదిలించలేదు. తరువాతి కండె అయిపోయినప్పుడు ఆయన చేయి చాపాడు. నడుము తిరగలేదు. కండె అందింది. మగ్గం ఆగకుండా చాలాసేపు నడిచింది.

మర్నాడు ఆయన చార్టులో కుడి మెలిక కొట్టివేశాను. ఎడమకు మాత్రమే, అదీ ఐదుసార్లు, ఊపిరి వదులుతూ నెమ్మదిగా. ఒక వైపు మాత్రమే ఆసనం రాసి ఇవ్వడం అదే మొదటిసారి. రెండు నెలలకు నొప్పి చాలావరకు తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. మగ్గం దిగలేదు, అది చాలు.

చివరిరోజు ఆలస్యంగా, తరగతి ముగిశాక వచ్చాడు. నేను వెనుక గదిలో ఒక్కణ్ణే భోజనం చేస్తున్నాను. గుమ్మంలో నిలబడి చూశాడు.

"మీరూ గోడకేసే తిరిగి తింటారా మాస్టారూ?"

"భోజనవేళ మాట్లాడరాదు" అన్నాను.

"నిజమేనండి" అని, ఒక తువ్వాలు గడప మీద పెట్టి దిగిపోయాడు. తానే నేసినది. ఆ మెట్ల చప్పుడు ఆగిపోయాక కూడా కొంతసేపు ముద్ద ఎత్తలేదు.

నొప్పిని శరీరంలోనే వెతకమని నాకు నేర్పారు. మనిషి రోజంతా కూర్చునే చోటు చూడకుండా అతని వెన్ను నాకు అర్థం కాదని ఈ కేసు నేర్పింది. ఆనాటి నుంచి ఎవరికైనా వారింటికి ఒకసారి వెళ్ళి చూడకుండా ఆసనం రాయలేదు. కేస్ షీట్‌లో ఒక గడి చేర్చాను: "పని చేసేటప్పుడు మీ పక్కన ఎవరు కూర్చుంటారు?" చాలామంది వెంటనే చెబుతారు. కొందరు కొంచెం ఆగుతారు. వారు ఆగినంతసేపూ నేను తరువాతి గడికి వెళ్ళను.