మాస్టారు చెప్పిన నాలుగు గండ్లు

మా మాస్టారు పోయారని తణుకులో ఓపీ చూస్తుండగా ఫోనొచ్చింది. పక్షవాతం వచ్చిందట, వారం రోజులు ఐసీయూలో ఉన్నారట. ఆ వారంలో నాకెవరూ కబురు చెయ్యలేదు. మండపేటలో మాస్టారింటికి వెళ్ళేసరికి వాకిట్లో జనం ఒకటే మాట అంటున్నారు, పక్షవాతానికి మందు వెతికినాయన పక్షవాతంతోనే పోయాడని. ఒళ్ళు మండింది.

ఆయన మెడికల్ కాలేజీలో మాకు మందుల పాఠం చెప్పేవారు. తొంభైల్లో నేను పీజీ చేస్తూ ఆయన ల్యాబ్‌లో పనిచేశాను. ఎలుక మెదడుకి కాసేపు రక్తం ఆపి, తర్వాత రెండు మూడు మందులు కలిపిస్తే ఎంత భాగం బతుకుతుందో చూడడం మా పని. మాస్టారు ఎలుకల్ని కూడా అండీ అనే పిలిచేవారు. రండి, మీ వంతొచ్చింది అంటూ చేతిలోకి తీసుకుని, ఒళ్ళు చల్లబడకుండా దూదిలో పెట్టేవారు. వాటికి మేత పడందే తను కాఫీ ముట్టేవారు కాదు. మేం నవ్వితే, మనకోసం చచ్చేవాళ్ళమ్మా, ఆ మాత్రం మర్యాద ఇవ్వద్దా అనేవారు.

ఒక్క మందు ఎందుకు చాలదని ఒకసారి అడిగాను. రైతు ఇంట్లో పుట్టిన మనిషి, అలాగే చెప్పారు.

"వరదలో గట్టుకి నాలుగుచోట్ల గండి పడితే, ఒకచోట మట్టేసి ఇంటికెళ్ళి పడుకుంటామా? రక్తం ఆగిన మెదడూ అంతేనమ్మా, నాలుగు దారుల్లో చస్తుంది. అన్నీ ఒకేసారి పూడ్చాలి."

మా ఎలుకల్లో జంట మందులు బాగానే పనిచేశాయి. మనుషుల సంగతి ఇంకా తెలీదని ముందుగా చెప్పేదీ ఆయనే. మూతి వంకరపోయిందంటే మాత్రం వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి, గొంతులో చుక్క నీళ్ళు కూడా పొయ్యకూడదు అని ఇంట్లో అందరికీ నూరిపోశారు. భోజనాల దగ్గర ఆయన తమ్ముడుగారు ఈ పాఠానికి తలూపడం నేను కళ్ళారా చూశాను.

ఆ తమ్ముడుగారికి ఊళ్ళో రైస్‌మిల్లుంది. మాస్టారికి పక్షవాతం వచ్చిన పొద్దున ఆయన కారు వాకిట్లోనే ఉంది. మాస్టారిని ఎక్కించుకుని అది ఆసుపత్రికి వెళ్ళలేదు. ద్రాక్షారామం అవతల ఏదో ఊళ్ళో పక్షవాతానికి పసరు పోస్తారని అక్కడికెళ్ళింది. ఎందుకలా చేశారు బాబాయిగారూ అని అడిగాను.

"అన్నయ్యే అనేవాడు కదమ్మా, ఒక్క వైద్యం చాలదు, కలిపి చెయ్యాలని. ముందు పసరు పోయించి, అట్నుంచటే హాస్పిటల్‌కి తీసుకెళ్దామనుకున్నాం."

ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి, మాటలో అబద్ధం లేదు. అయినా నాకు జాలి కలగలేదు. మాస్టారి మాటతోనే మాస్టారికి వెన్నుపోటు పొడిచారనిపించింది. పసరు పొలమారి ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలింది. చివరికి న్యుమోనియాతో పోయారు.

నిజం చెప్పాలంటే మాస్టారి మీదా కోపం వచ్చింది. మాకన్ని పాఠాలు చెప్పి, ఆ పూట మీరెలా ఊరుకున్నారండీ అని మనసులో పోట్లాడుతూనే ఆయన భార్య పక్కన కూర్చున్నాను. ఆవిడని మేం పిన్నిగారూ అనేవాళ్ళం. కారెక్కించేసరికే ఆయనకి మాట పడిపోయిందట, కుడిచెయ్యి ఆడలేదట.

"పసరు పోస్తుంటే ఎంతకీ నోరు తెరవలేదమ్మా. ఎడంచెయ్యి అడ్డం పెట్టేసుకున్నారు. చిన్నపిల్లాడిలా మారాం చేస్తున్నారనుకుని, నేనే ఆ చెయ్యి లాగి పట్టుకున్నాను."

ఆ మాట చెబుతూ ఆవిడ తన ఎడంచేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నారు. నేను లేచి వచ్చేసేదాకా వదల్లేదు.