నవమి నాడు పూజలో పెట్టిన బోర్డు

నాగబాబుకు చదువు అబ్బలేదు గానీ చేతికి పని అబ్బింది. తండ్రి బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చి, రాయపూర్ వ్యాగన్ రిపేరు షాపులో కలాసీగా చేరి, అక్కడే రిటైరై, ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. రైల్వే ఉద్యోగం కొడుకు దాకా రాలేదు. తండ్రి నుంచి వచ్చినవల్లా రెండే. పనిముట్టును కాలితో తాకకూడదన్న భయం ఒకటి. ఆయుధపూజలో పెట్టిన సామానును మర్నాడు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకోకూడదన్న నియమం ఇంకొకటి.

రెండువేల సంవత్సరం నాటికి అతను రైల్వే కాలనీ గేటు ఎదుట రేకుల షెడ్డులో వీడియోగేమ్ పార్లరు నడిపేవాడు. బీరువా అంత ఎత్తు చెక్క డబ్బాలు నాలుగు. బిళ్ల వేస్తే ఆట మొదలవుతుంది. జేబు ఖాళీ అయినవాణ్ణి ఏనాడూ పొమ్మనలేదు. "కూసోరా గుంటడా, ఆడేవోణ్ణి సూడు, అదీ ఆటే" అనేవాడు. ఇళ్లలోకి కంప్యూటర్లు, ఆ తర్వాత చేతుల్లోకి ఫోన్లు వచ్చేసరికి షెడ్డు మూతపడింది. డబ్బాల చెక్క పొయ్యిలోకి పోయింది. విమానాల ఆట బోర్డు ఒక్కటే మిగిలింది. తన చేతిలో మొట్టమొదట బాగుపడిన బోర్డు అదేనని, దాన్ని పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టుకున్నాడు.

అప్పట్నుంచి మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు. అవీ తగ్గిపోయాయి. యాభై మూడేళ్లకు, ధర్సీవా దగ్గర ఇనుము ఫ్యాక్టరీలో బొగ్గు ఎత్తే పని తప్ప మరో దారి కనిపించలేదు. అసలే ఆయాసం మనిషి. ఆ దుమ్ములో ఏడాది బతికితే గొప్పని డాక్టరు ముందే చెప్పేశాడు.

అలాంటి రోజుల్లో, 2018 దసరాకు ముందు, మురళీమోహన్ కారు దిగి ఇంటికి వచ్చాడు. స్టీలు ప్లాంటు కాంట్రాక్టరు గారి అబ్బాయి. చిన్నప్పుడు పార్లరులో బిళ్లకు దారం కట్టి, వేసిందే మళ్లీ పైకి లాగుతూ నాగబాబుకు దొరికిపోయాడు. నాగబాబు చెవి మెలిపెట్టి నలుగురిలో నిలబెట్టాడు. తండ్రికి మాత్రం చెప్పలేదు. సాయంత్రం వాడి ఏడుపు చూడలేక సమోసా కొనిపెట్టి ఇంటి దాకా దిగబెట్టాడు. ఆ సంగతి ఆ పిల్లాడు ఎప్పుడో మరిచిపోయి ఉంటాడనుకున్నాడు.

"మామా, ఆ ఏరోప్లేన్ బోర్డు ఉందా, పాత సామాన్ల కబాడీకి వేసేశావా?"

"ఉంది బాబూ. దాన్నెలాగేస్తాను?"

"బస్, అయితే పనైపోయింది. శంకర్ నగర్‌లో గేమ్ హాలు తెరుస్తున్నా. కొత్త డబ్బా తెప్పించా, ఏక్‌దమ్ నయా. నీ పాత బోర్డు దాంట్లో నడిపించు. విజయదశమి పదకొండు నలభైకి ముహూర్తం, అందరి ముందూ వెలగాలి. వెలిగిందా, హాల్లో మెకానిక్‌వి నువ్వే. పర్మనెంట్."

"ఎలక్కపోతే?"

"అది తర్వాత చెప్తాలే" అని నవ్వాడు మురళీమోహన్.

నాగబాబు భార్య దాలమ్మ టీ తెచ్చింది. రెండు కళ్లకూ పొర కమ్మి ఆమెకు చూపు మసక. గ్లాసు అంచు వేలితో తడుముకుని మురళీమోహన్ చేతికి అందించింది. అతను గ్లాసు అందుకున్నాడు గానీ టీ తాగలేదు.

పని చెప్పినంత సులువు కాదు. కొత్త డబ్బాల్లో తీగల వరస ఒకటే పద్ధతిలో ఉంటుంది. ఈ బోర్డు ఆ పద్ధతి రాకముందుది. దీని అంచున ఉన్న పసిడి రంగు పళ్ల వరస వేరు, లెక్క వేరు. డబ్బా తీగ ఐదు వోల్టులు తెచ్చేచోట ఈ బోర్డు పన్నెండు అడుగుతుంది. బొమ్మ అడిగే చోట శబ్దం ఇస్తుంది. అందుకని మధ్యలో ఒక జోడింపు కట్టాలి. ఒక కొస డబ్బాకు, ఒక కొస బోర్డుకు. నాగబాబు పదకొండు రోజులు కూర్చుని ఒక్కో తీగనూ మీటరుతో చూసి, టంకం వేసి కట్టాడు. బోర్డు వైపు కొసను తిరగేసి పెట్టినా దూరిపోతుంది. తిరగబడకుండా అడ్డుండే ప్లాస్టిక్ పలక ఎప్పుడో విరిగిపోయింది. అందుకే ఏ వైపు పైకి ఉండాలో తెలిసేలా ఎర్ర గోళ్లరంగుతో ఒక చుక్క పెట్టాడు. పార్లరు రోజుల నుంచీ అదే అతని గుర్తు.

అష్టమి నాడు బల్ల మీద తెర తగిలించి చూశాడు. విమానం లేచింది. స్పీకరులోంచి ఆ పాత సంగీతం వచ్చింది. దాలమ్మ వంటింట్లోంచే, "ఎగిరిందేటండీ?" అంది.

"ఎగిరింది."

"అమ్మవారి దయ. ఇంక మీరు బొగ్గు ముట్టక్కర్లేదు."

నవమి నాడు స్క్రూడ్రైవర్లు, టంకం కడ్డీ, మీటరు, బోర్డు, జోడింపు అన్నీ పటం ముందు పీట మీద చేరాయి. దాలమ్మ ఒక్కోదాన్నీ చేత్తో తడిమి, పేరు పెట్టి పిలిచినట్టు పసుపు రాసి, బొట్టు పెట్టింది. కుంకుమ రాలిపోకుండా కొబ్బరినూనెలో కలిపింది. కళ్లు ఆనని మనిషి ఒక్క వస్తువునూ వదల్లేదు. నియమం ప్రకారం ఆ రోజు నాగబాబు దేన్నీ ముట్టలేదు.

దశమి పొద్దున ఉద్వాసన చెప్పి, బోర్డును పంచెలో చుట్టుకుని బయల్దేరాడు. ఒళ్లో ఉన్నదేమిటో తెలియకపోయినా, ఆటో అతను ప్రతి గోతి దగ్గరా బండి నెమ్మది చేశాడు. అడగకుండానే చేసే ఇలాంటి మంచి ఎవరి లెక్కలోకీ రాదు, దేవుడి లెక్కలోకి తప్ప.

హాలు నిండా జనం. బంతిపూల తోరణాలు, సూట్లు, ఫోన్లు పైకెత్తిన చేతులు. పంతులుగారు గడియారం చూస్తున్నారు. నాగబాబు డబ్బా వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. లోపల చీకటి. గేటు దగ్గరి చౌకీదారు అడక్కుండానే వచ్చి టార్చి పట్టాడు.

"మురళీబాబూ, ఒక్క ఐదు నిమిషాలు. మీటరు పెట్టి సూసుకుంటాను."

"అష్టమి నాడే నడిచిందన్నావుగా? ముహూర్తం దాటితే పంతులుగారు మళ్లీ వచ్చే దసరాకు పెడతారు. లగావ్, లగావ్!"

నాగబాబు కొస అందుకున్నాడు. పైకి ఎర్ర చుక్క మెరిసింది. నొక్కాడు. స్విచ్చి వేశారు.

టప్‌మని చప్పుడైంది. మళ్లీ ఒకటి. డబ్బా వెనక నుంచి సన్నటి పొగ, కాలిన జిగురు వాసన. తెర నల్లగానే ఉంది. నాగబాబు ప్లగ్గు పీకి, కొస ఊడదీసి టార్చి వెలుగులో తిప్పాడు. కింది వైపునా ఎర్ర చుక్క ఉంది. అదీ ఎర్రగానే మెరుస్తోంది. కానీ అది గోళ్లరంగు.

ఏం జరిగిందో అతనికి అప్పుడర్థమైంది. నిన్న పూజలో పీట మీద ఆ కొస బోర్లా పడి ఉంది. దాలమ్మ తన చేతికి తగిలిన వైపు బొట్టు పెట్టింది.

మురళీమోహన్ వంగి ఆ చుక్క మీద వేలు రాసి వాసన చూశాడు. "కుంకుమ! కొబ్బరినూనెతో! మామా, ఇది అత్త పనేనా?"

"కాదు బాబూ. నేనే పెట్టుకున్నాను. తప్పు నాది."

"నువ్వా? నువ్వు గోళ్లరంగు పెడతావు, నాకు తెలీదా? నీ పార్లర్లోనే కదా పెరిగాను." నాగబాబు జేబులోంచి ఫోను తనే లాగి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టి చెయ్యి పైకెత్తాడు. "బాబూ వద్దు, ఆవిడకి సెప్పకు" అని నాగబాబు రెండు చేతులూ జోడించాడు. చుట్టూ ఉన్నవాళ్లు అదేదో వేడుక అనుకుని దగ్గరికి జరిగారు.

"ఎలిగిందేటండీ?" అంది దాలమ్మ గొంతు, హాలంతా వినబడేలా.

"నేను మురళీని అత్తా. వెలిగింది! పొగతో సహా వెలిగింది. నీ బొట్టును గుర్తనుకుని మామ తిరగేసి పెట్టాడు. బోర్డు స్వాహా. ముత్తయిదువ చెయ్యి మరి, ఉద్యోగం కూడా స్వాహా."

నవ్వులు. ఫోనులో "నానే సేసేనా?" అన్న చిన్న గొంతు, ఆపైన లైను తెగిన చప్పుడు.

మురళీమోహన్ కౌంటరు కింద నుంచి అట్టపెట్టె తీశాడు. అందులో అరచేతి అంత కొత్త బోర్డు. "దీంట్లో అరవై ఆటలున్నాయి మామా. నీ ఏరోప్లేనూ ఉంది. ఇది బిగించు, ముహూర్తం ఇంకా రెండు నిమిషాలుంది."

"ఇది... ముందే ఉందా?"

"నెల రోజులైంది వచ్చి. పాత మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని బిగిస్తుంటే ఫోటోల్లో బాగుంటుందని నిన్ను పిలిచా. అంతే."

నాగబాబు బిగించాడు. దానికి ఏ జోడింపూ అక్కర్లేదు, నేరుగా దూరింది. విమానం లేచింది, అదే సంగీతం. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కరికీ తేడా తెలియలేదు.

"బాబూ, ఇయీ నేను సూసుకోగలను" అన్నాడు నాగబాబు లేవకుండానే. "పని నేర్చుకోవక్కర్లేదు నాకు. పనిలో పెట్టుకో. బొగ్గు పనికెళ్తే నేను బతకను."

"వెలక్కపోతే ఏంటన్నావుగా ఆ రోజు? ఇదే." మురళీమోహన్ నవ్వుతూనే అతని చెవి పట్టుకుని మెలిపెట్టాడు. "సబ్ లోగ్ ఇధర్ దేఖో! మా గురువుగారు!" ఫోన్లు క్లిక్కుమన్నాయి. చుట్టూ అందరూ నవ్వుతుంటే ఎందుకో తెలియకుండానే నాగబాబు కూడా నవ్వాడు. ఆ ఫోటో ఆ హాలు గోడ మీద చాలా రోజులుంది.

అతను రోడ్డు మీదికి వచ్చేశాక చౌకీదారు వెనకే పరుగున వచ్చి, కాలిన బోర్డును పంచెలో మళ్లీ నీట్‌గా చుట్టి అందించాడు. "పానీ పీలో భయ్యా" అని సీసా ఇచ్చాడు. నాగబాబు తాగాడు.

ఇంటికి వచ్చేసరికి దాలమ్మ పీట ముందే కూర్చుని ఉంది. పక్కన చెంబుతో నీళ్లు, చేతిలో తడిగుడ్డ. అతను వదిలి వెళ్లిన పాత పనిముట్లన్నీ ఒళ్లో పోసుకుని ఒక్కోదాన్నే తుడుస్తోంది. సుత్తి పిడి పసుపంతా పోయి తెల్లబడింది. వేళ్లు నాని ముడతలు పడ్డాయి. ఎంతసేపట్నుంచి తుడుస్తోందో.

"రేపు ధర్సీవా ఎల్తాను" అన్నాడు నాగబాబు.

ఆమె తలెత్తలేదు. "ఇంకెక్కడైనా మిగిలిందేమో సూడండి. నాకు కనపడదు."

అతను పక్కన కూర్చుని సామానంతా చూశాడు. పట్టకారు మీద ఒక బొట్టు ఇంకా ఎర్రగా ఉంది. దాన్ని అలాగే బోర్లా పెట్టి, "నేదే, అన్నీ పోయాయి" అన్నాడు.