కుట్లు మానిన తర్వాత

ఆదివారాలు చర్చిలో రెబెకా బెంచీ మీద ఒక పక్కకు ఒరిగి కూర్చునేది. ప్రార్థన అయ్యాక ఆడవాళ్లు చుట్టూ మూగి, ఆమె మూడు నెలల కూతురు ఆశ్రితను చేతి నుంచి చేతికి మార్చుకునేవాళ్లు. "అచ్చం వాళ్ల నాయన మోషే ముక్కే" అని మురిసిపోయేవాళ్లు. రెబెకా ఖాళీ చేతులతో మెట్ల దగ్గర నిలబడేది. నీకెట్లుందని ఒక్కరూ అడిగేవాళ్లు కాదు.

కాన్పులో పడ్డ కుట్లు మానాయన్నారు. కానీ రెండో నెల దాటాక భర్త మోషే దగ్గరికి వచ్చిన రోజు ఆమెకు నొప్పితో ప్రాణం పోయినంత పనైంది. పంటి బిగువున ఓర్చుకుంది. రెండోసారి ఏడ్చేసింది. ఏమైందని అడిగితే తలనొప్పి అంది. ఆ తర్వాత అతను ముందుగదిలో పడుకోవడం మొదలుపెట్టాడు. కరెంటు పని చేసుకునే మనిషి, మాట తక్కువ. మధ్యాహ్నం తిండికి వస్తే, పళ్లెం పెట్టి ఆమె వాకిట్లోకి వెళ్లిపోయేది.

పాపన్నపేటలో ఉన్న తల్లికి ఒకసారి ఫోన్లో గొణిగింది.

"అందరం కన్నోళ్లమే బిడ్డా, ఓర్సుకోవాలె" అంది తల్లి.

ఇక ఎవరికీ చెప్పలేదు. ఒక్కోరోజు పాప ఏడుస్తున్నా లేవబుద్ధయ్యేది కాదు. తను చెడ్డ తల్లినేమోనని భయపడేది.

టీకాకు దవాఖానకు పోయిన రోజు నర్సు యాదలక్ష్మి పాప బరువు రాసుకుని తలెత్తింది. "పాప మంచిగుంది. మరి నీకెట్లున్నది?"

బాగానే ఉన్నానని చెప్పబోయిన రెబెకా, నొప్పి సంగతి మొదలుపెట్టింది.

యాదలక్ష్మి తలుపు దగ్గరికి వేసి అంతా విన్నది. "నీ తప్పేం లేదు బిడ్డా. కుట్లు పడ్డకాడ గట్టిపడ్తది, పాలిచ్చేటోళ్లకు తడి తక్కువైతది. మందులున్నయి. మనసు గిట్ల పరేషానయ్యేది గూడ చానమందికి ఉంటది. డాక్టరమ్మకు అన్నీ చెప్పు. మీ ఆయనకు గూడ చెప్పు."

డాక్టరమ్మ చూసి పూతమందు రాసిచ్చింది. మొగుడూపెళ్లాలు దగ్గరవడానికి ఇప్పుడే తొందరపడొద్దంది. మనసు సంగతి మాట్లాడటానికి మళ్లీ వారం రమ్మంది.

మర్నాడు మధ్యాహ్నం రెబెకా వాకిట్లోకి పోకుండా మోషే ఎదురుగా కూర్చుంది. నేల చూస్తూ నొప్పి సంగతంతా చెప్పింది. కలుపుతున్న అన్నంలోనే అతని చెయ్యి ఆగిపోయింది.

"నేనంటే నీకు రోత పుట్టిందనుకున్న" అన్నాడు. "ముందుగాల్నే ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? నాకే మాటలు దొరకలే."

తర్వాతి వారం అతను పని మానుకుని దవాఖానకు తోడు వచ్చాడు. లోపలికి రావడానికి సిగ్గుపడి, పాపను ఎత్తుకుని వరండాలో తిరిగాడు. నొప్పి తగ్గడానికి రెండు నెలలు పట్టింది. ఏడుపు మాత్రం ఇంకా అప్పుడప్పుడూ వచ్చేది. అప్పుడు మోషే వచ్చి ఆమె పక్కన కూర్చునేవాడు.