పాండూరు అవ్వ పింఛను

బతికే ఉన్నానని రుజువు చూపించడానికి మొన్న బ్యాంకుకు వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి నా మొహం కేసి చూడకుండానే వేలు పెట్టమంది. ఎదురుగా ఇంత మనిషిని కూర్చుంటే వేలుకేనా విలువ అని గొణుక్కుంటుంటే మా అక్క గుర్తొచ్చింది.

అక్క అంటే పెద్దమ్మ కూతురు. డెబ్బైల చివర్లో మద్రాసు కాలేజీలో సమాజశాస్త్రం చెప్పేది. సర్కారు పేదలకిస్తానన్నది పేదలదాకా ఎందుకు చేరడం లేదన్నది ఆమె పరిశోధన. తిరుత్తణి బజారులో మాది పచారీ కొట్టు. బేరంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు నేనే బిరుదిచ్చుకున్నాను. వంకాయలకు కొసరుగా కరివేపాకు, కరివేపాకుకు కొసరుగా పచ్చిమిరపకాయలు రాబట్టేదాన్ని. జనం చేత మాట్లాడించడానికి పనికొస్తానని అక్క నన్ను ఊళ్లకు వెంటబెట్టుకెళ్లేది.

పాండూరులో ఒక అవ్వ ఉండేది. కూలికి పోయే ఓపిక లేదు, చూపు ఆనదు, ఇంట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలిస్తే వచ్చే పైసలతో తిన్నట్టు. ముసలివాళ్ల పింఛను రావాలంటే ఆఫీసరు ముందు నిలబడి నాకెవరూ లేరనాలి. ఆమె అననందట. కొడుకు లారీ ఎక్కిపోయి ఏళ్లయింది, ఆంధ్రా సరిహద్దులో ఎలవూరు చెక్‌పోస్టు దాటాక కబురే లేదు. నేను వెంటనే బేరంలోకి దిగాను.

"ఒక్క మాటే గదా అవ్వా. నోటితో అనేసి, ఇంటికొచ్చి సామికి దండం పెట్టుకో. సరిపోతాది."

"కొట్లో పుట్టినదానివి, నీకు మాటా సరుకే గదమ్మా," అంది అవ్వ. "ఉండే బిడ్డను లేడంటే, వాడికేమన్నా అయితే నువ్వు తెచ్చిస్తావా?"

అక్క నవ్వలేదు, ఏమీ రాసుకోలేదు. అవ్వ పక్కన కూర్చుని చాలాసేపు వేరుశనక్కాయలు ఒలిచింది. తర్వాత మా ఇద్దర్నీ తిరువళ్లూరు తాలూకా ఆఫీసుకు తీసుకెళ్లింది. ఆఫీసరు తలెత్తకుండానే నీకెవరున్నారని మొదలుపెట్టగానే అక్క అడ్డుపడింది.

"ఎవరుండారని వద్దు సార్. కూడు ఎవరు పెడతా ఉండారని అడగండి. మీ రూలుకు కావాల్సిందీ అదే గదా."

ఆయన విసుగ్గానే అడిగారు.

"ఎవురూ పెట్టరు సామీ," అంది అవ్వ తడుముకోకుండా. "బిడ్డ యాడో ఉండాడు. కూడు మాత్రం ఎవురూ పెట్టరు."

ఆయన తలెత్తి అప్పుడు చూశారు ఆమెను. చేతిలో కలం ఒక్క క్షణం ఆగింది, తర్వాత సంతకం పెట్టారు.

పుట్టినప్పట్నుంచీ ఎదుటివాళ్ల జవాబులతోనే బేరమాడాను. అడిగే మాటనే మార్చవచ్చని ఒక్కనాడూ తట్టలేదు. తర్వాత అక్క ప్రొఫెసరైంది, పుస్తకాలు రాసింది. పెద్ద అధికారులు కూర్చుని ఆమె మాట వినే సభల్లో నేనూ వెనక వరసలో కూర్చుని, ఆ ఇంగ్లీషంతా అర్థమైనట్టు తలాడించాను. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు మాత్రం ఆ తాలూకా ఆఫీసులో ఒక్క క్షణం ఆగిపోయిన కలమే కనిపించేది.

పింఛను డబ్బుతో వండుకున్న కూట్లో అవ్వ రోజూ ఒక ముద్ద కొడుక్కని మూతపెట్టి ఉంచేదట. వాడు రాలేదు. ఏళ్లు ఆమె దగ్గరున్నవన్నీ ఒక్కొక్కటిగా పట్టుకుపోయాయి గానీ, ఆ కొడుకును మాత్రం ఆమె నోటివెంట లేడనిపించలేకపోయాయి.