సూర్యుడి తుఫాను కబురు

ఆమె ఉద్యోగం సూర్యుడి వాతావరణం చెప్పడం. రోజూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి, ఉపగ్రహాలు పంపిన సూర్యుడి ఫొటోలు తెర మీద పరుచుకుని, మచ్చలు ఎక్కడ పెరిగాయో, ఎక్కడ సద్దుమణిగాయో చూసి ఆ రోజు సూచన రాసేది. విమానాల వాళ్లు, రేడియో వాళ్లు, కరెంటు వాళ్లు దాన్ని చదివేవారు. ఇంట్లో అత్తగారికి మాత్రం కావలసింది వేరు. "దుప్పట్లు నానబెడుతున్నా. రేపు ఎండ కాస్తుందా అమ్మాయ్?" అనేది. అది తన పని కాదని చెప్పి చెప్పి కోడలి నోరు నొప్పి పుట్టింది.

నిరుడు ఒకసారి పెద్ద తుఫాను తప్పదని ఆమె గట్టిగా రాసింది. కరెంటు కేంద్రం ఇంజనీరు మరమ్మతులన్నీ ఆపించి, సెలవుల్లో ఉన్నవాళ్లను సైతం పిలిపించాడు. తీరా చూస్తే సూర్యుడి నుంచి బయల్దేరిన విద్యుత్ కణాల మేఘం భూమి పక్కనుంచి జారిపోయింది. దీపం రెపరెపలాడితే ఒట్టు. అప్పట్నుంచి ఆ కేంద్రంలో ఆమెకు 'నాన్నా పులి మేడం' అని పేరు పడింది. ఆ పేరు చెవిన పడ్డాక, ఆమె సూచనలన్నీ గోడమీద పిల్లి రాతలయ్యాయి. రావచ్చు, రాకపోవచ్చు.

ఒకనాడు సూర్యుడి నడిమధ్య మచ్చల గుంపు భగ్గుమంది. దాన్నుంచి ఒక మేఘం సరాసరి ఇటే బయల్దేరింది. రెండు రోజుల ప్రయాణం. ఆమె అలవాటుగా 'రావచ్చు' అని టైపు చేసింది. పక్క కుర్చీలోని పెద్దాయన తొంగిచూసి, "ఇది చదివి అవతలివాడు ఏం చెయ్యాలమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

ఆమె రాసింది చెరిపేసి ఇంజనీరుకు ఫోన్ చేసింది.

"మళ్లీ పులా మేడం?"

"ఇటే వస్తోందండీ. కరుస్తుందో లేదో మాత్రం ఇప్పుడు చెప్పలేను. దాని అయస్కాంతం ఉత్తరానికి తిరిగి ఉంటే పెద్దగా భయం లేదు. దక్షిణానికైతే మీ లైన్లలోకి లేనిపోని కరెంటు జొరబడుతుంది. ఎటు తిరిగిందో దారిలో మన ఉపగ్రహాన్ని దాటినప్పుడే తెలిసేది. అప్పుడిక మీ చేతిలో ఉండేది అరగంట."

"పోయినసారే ఇలా విడమరిచి చెప్పుంటే నేనూ మావాళ్ల ముందు నవ్వులపాలయ్యేవాణ్ణి కాదు," అన్నాడు. "అరగంట చాలు. మనుషుల్ని సిద్ధంగా ఉంచుతా. తెలియగానే చెప్పండి."

మూడోనాడు మధ్యాహ్నం ఆమె నోట్లో ముద్ద పెట్టుకుందో లేదో, అయస్కాంతం దిశ చూపే గీత తెర మీద దబ్బున కిందికి పడింది. ఎంగిలి చేత్తోనే ఫోన్ అందుకుంది.

"దక్షిణం."

"సరే మేడం."

సాయంత్రం దాకా రేడియోలు గరగరలాడాయి, ట్రాన్స్‌ఫార్మర్లు రొద పెట్టాయి. ఇంజనీరు అప్పటికే వాటి మీద బరువు తగ్గించాడు, మరమ్మతు కోసం విప్పిన లైన్లు తిరిగి కలిపించాడు. ఎక్కడా కరెంటు పోలేదు.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే అత్తగారు కిటికీలోంచి చూసి, "అంత తుఫానంటున్నావు, ఆకైనా కదల్లేదే," అంది. కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. అలా నవ్వి చాన్నాళ్లయింది.

వారం తిరక్కుండా ఇంజనీరు తన కింద పనిచేసేవాళ్లను వెంటేసుకుని ఆఫీసుకే వచ్చాడు. "ఈ ఫొటోలు చదవడం మావాళ్లకు కాస్త నేర్పండి మేడం. నాక్కూడా," అన్నాడు తల గోక్కుంటూ.

ఆమె కుర్చీలు దగ్గరికి జరిపి, సూర్యుణ్ణి తెర నిండా పెద్దది చేసింది. "తూర్పు అంచున కొత్త మచ్చ తొంగిచూస్తోంది, కనబడిందా? దాంతో మొదలుపెడదాం," అంది.