మాస్టర్ నోట పెట్టని బిస్కెట్లు

మా బేకరీ మాస్టర్ పోయి నెల దాటింది. తిరుత్తణిలో పొద్దున్నే స్నానం చేసి, రైలుకు బయలుదేరబోతూ వాకిట్లోనే కూలబడిపోయారట. ఫోను వచ్చేసరికి నేను తిరువళ్ళూరులో, బేకరీ వెనకగదిలో మైదా జల్లిస్తున్నాను. మా యజమానిని మేమంతా ముదలాళి అంటాం. ఆయన ఫోను పెట్టేసి అన్న మొదటి మాట, శనివారం ఆర్డరు ఎవరు చేస్తారని. అప్పుడు పుట్టిన రోత నాకింకా పోలేదు. మీకు ఇది రాస్తున్నది కూడా దాన్ని ఎక్కడో ఒకచోట కక్కేయాలనే.

గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో పని పోయాక నేను ఈ బేకరీలో చేరాను. మొదట ప్యాకింగు. ఏడాది తిరిగేసరికి మాస్టర్ నన్ను ఓవెన్ దగ్గరికి పిలిచారు. మీలో ఎవరైనా మా బజారులో చీజ్ బిస్కెట్లు కొని ఉంటే అవి ఆయన చేతివే. తీపివి కావు, ఉప్పు బిస్కెట్లు. మైదా, చల్లటి వెన్న, తురిమిన చీజ్, దంచిన మిరియాలు, ఎండు అత్తిపండు, జీడిపప్పు, అక్రోటు. ముద్దను రోకలిలా చుట్టి, ఫ్రిజ్జులో గట్టిపడనిచ్చి, బిళ్ళలుగా కోసి కాల్చాలి. అత్తిపండు ముక్క పెద్దదైతే అంచు మాడి చేదెక్కుతుంది. నేను తరిగినవన్నీ పళ్ళెంలో పరిచి, పెద్దవి ఏరి, మాట్లాడకుండా మళ్ళీ నా ముందు పెట్టేవారు. తిరుత్తణి మురుగన్ ఆడికృత్తిక పండక్కి తప్ప ఆయన సెలవు పెట్టగా నేను చూడలేదు.

ఇంతా చేసి, ఆయనకు చీజ్ అంటే పరమ అసహ్యం. డబ్బా మూత తీయగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. విరిగిన పాలను బూజు పట్టేదాకా దాచి తింటారా ఎవరైనా అని, నేను చేరిన కొత్తల్లో నన్నే నిలదీశారు, ఆ నేరమేదో నేను చేసినట్టు. అవి చేస్తూ వచ్చిన పన్నెండేళ్ళలో ఒక్క బిస్కెట్ నోట పెట్టలేదు. ఉప్పు సరిపోయిందో లేదో చూడమని నాకిచ్చి, నేను నములుతుంటే చూడలేక గోడవైపు తిరిగేవారు. తినని వస్తువు ఇంత బాగా ఎట్లా చేస్తారన్నా అని ఒకసారి అడిగాను. తినేవాళ్ళు వేరే ఉన్నారు కదా, నాకు నచ్చాల్సిన పనేముంది అన్నారు.

రెండేళ్ళ కిందట ముదలాళి చెన్నై నుంచి ఒక పసుప్పచ్చ పొడి తెచ్చారు. చీజ్ బదులు అది వాడమన్నారు. వెన్న బదులు డాల్డా, అత్తిపండు బదులు రంగు పూసిన బొప్పాయి ముక్కలు. ఒక వాయి చేయించారు. నిజం చెప్పొద్దూ, నేను తిన్నాను, బాగానే ఉన్నాయనిపించింది. మాస్టర్ మాత్రం పొడి గిన్నెలో ముక్కు పెట్టి గట్టిగా పీల్చారు. మళ్ళీ పీల్చారు. మొహం ఏమాత్రం మారలేదు.

"కడుపులో తిప్పలేదు ముదలాళీ," అన్నారు. "నాకే బాగుండాది ఈ వాసన. అట్లైతే ఇది చీజ్ కాదు. నేను చెయ్యను."

తినని మనిషికి రుచి సంగతి ఏం తెలుసని ముదలాళి నవ్వారు. మాస్టర్ ఆ వాయి మొత్తం చెత్తబుట్టలో పోసి, ట్రేలు తానే కడిగి బోర్లించారు. పొడి డబ్బా అటకెక్కింది.

ఆయన పోయిన వారానికే అది కిందికి దిగింది. అంగడి ముందు ఫ్లెక్సు వెలిసింది. పైన కన్నీటి అంజలి, మధ్యలో మాస్టర్ ఫోటో, దానికిందే మాస్టర్ స్పెషల్ చీజ్ బిస్కెట్ అని పెద్దక్షరాలు. దండం పెట్టుకుని అటునుంచటే లోపలికొచ్చి పొట్లం కొనుక్కుపోయే జనాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. కానీ పొడి కలిపిందెవరు? నేనే. మళ్ళీ పని పోతే ఎట్లాగన్న భయంతో నోరు మూసుకుని కలిపాను. ఆ పసుపు గోళ్ళ సందుల్లో దూరి, ఎంత రుద్దినా వదిలేది కాదు. అన్నం కలుపుకోబోతే నా చెయ్యి నాకే అసహ్యమేసింది.

పదహారో రోజు కర్మకు ముదలాళి ఆ బిస్కెట్లే పెద్ద డబ్బాలో పోసి నాతో తిరుత్తణి పంపారు. మాస్టర్ భార్యను నేను అక్కా అని పిలుస్తాను. చుట్టాలంతా తలా రెండు తీసుకుని ఆయన చేతి మహిమను మెచ్చుకున్నారు. అక్క ఒకటి కొరికి కళ్ళు తుడుచుకుంది. ఇంత బాగుంటాయా, ఒక్కనాడైనా ఇంటికి తెచ్చినాడా అంది.

ఇక నావల్ల కాలేదు. ఆమెను వంటింట్లోకి తీసుకెళ్ళి, ఇవి ఆయనవి కావక్కా, ఏదో పొడితో నేను చేసినవి అని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె కొరికిన ముక్కను కాసేపు చూసింది.

"మరి ఆయన చేసేది ఎట్లుంటాది?" అని అడిగింది.

మర్నాడు ముదలాళికి చెప్పాను, ఆ పొడి ఇక నేను ముట్టుకోనని, పొమ్మంటే పోతానని. చూద్దాంలే అన్నారు. ఫ్లెక్సు మాత్రం తీయలేదు. ఆ మధ్యాహ్నం ఓవెన్ ఖాళీగా ఉన్నప్పుడు, నేను కొనుక్కొచ్చిన చీజ్‌తో, అత్తిపండ్లు మాస్టర్ ఒప్పుకునేంత సన్నగా తరిగి, ఒక్క ట్రే కాల్చాను. ఆదివారం తిరుత్తణి రైలెక్కాను. నా పక్కన కూర్చున్నామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, రెండో స్టేషన్లో లేచి వేరే సీటుకు పోయింది.

అక్క డబ్బా మూత తీసి చటుక్కున తల వెనక్కి తీసుకుంది.

"ఈ కంపా," అంది. "ఈ కంపుకే గదా ఆయన చొక్కాలు వేరే బకెట్లో నానబెడతా ఉంటి. దినామూ తిడతా ఉంటి. పోయినంక అన్నీ ఉతికి మడిచి పెట్టేసినానే."

ఒక బిస్కెట్ తీసుకుని గడప మీద కూర్చుంది. కొరకలేదు. ముక్కుకు ఆనించుకుని పీల్చింది. మొహం రోతతో ముడుచుకుపోయింది, దవడలు బిగుసుకున్నాయి. అయినా చెయ్యి దించలేదు, మళ్ళీ పీల్చింది.